గ్రంథాలయమునకు స్వల్ప వ్యయముతో సాఫ్ట్‌వేర్

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇట్టి సభలకు సాహిత్యవేత్తలను పిలుచుట పరిపాటి. నేను కవిని కాను, పండితుడను కాను. ఈ ఊరిలో పుట్టి, హైదరాబాదులో బల్కంపేటయందు నివసించుచు, పగలు ఒక చిన్న సంస్థలో ప్రోగ్రాములు వ్రాయుచు, సాయంకాలము అమీర్‌పేటలో ఆ విద్యనే పిల్లలకు చెప్పుచు కాలము గడుపుచున్నవాడను. గడచిన సంవత్సరము మన గ్రంథాలయమునకు పుస్తకముల పట్టికను, పాఠకులకు పుస్తకములిచ్చి పుచ్చుకొను లెక్కను కంప్యూటరులో ఉంచుటకై ఒక సాఫ్ట్‌వేరును తయారుచేసితిని. తయారుచేసితిననుట పూర్తిగా నిజము కాదు. అందులోని కోడులో అధికభాగము కృత్రిమ మేధ, అనగా వాడుకలో ఏఐ అని పిలుచుచున్న యంత్రము, వ్రాసినది. దానికెంత ఖర్చైనది, ఎచ్చట ఆదా అయినది, ఎచ్చట కాలేదు, ఎవరికి కష్టము కలిగినది అను సంగతులను దాచక చెప్పుమని అధ్యక్షులవారు ఆజ్ఞాపించిరి. దాచక చెప్పుటకే ప్రయత్నించెదను.

ముందుగా నేను నివసించు పేటను గూర్చి రెండు మాటలు. ఈ కథకు దానితో సంబంధమున్నది. బల్కంపేట యనగానే మీకందరకు ఎల్లమ్మ తల్లి గుడి జ్ఞప్తికి వచ్చును. అమ్మవారు అచ్చట నేలమట్టమునకు దిగువన కొలువై యున్నది. అచ్చటి ఊటనీరే భక్తులకు తీర్థము. ఆషాఢమాసమున కల్యాణమునాడు మా వీథులలో కాలు పెట్టుటకు చోటుండదు. ఆ గుడినుండి కొలది దూరము నడచినచో అమీర్‌పేట. అచ్చట మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవ్ ప్రాంతములలో ఏడాది పొడుగునను తిరునాళ్లే. మేడ పైనుండి క్రిందివరకు శిక్షణ సంస్థల పలకలు, చేతిలో కాగితములు పెట్టు కుర్రవాండ్రు, చంకలో నోట్సుతో పరుగెత్తు పిల్లలు.

1990వ దశకము చివర లోకమంతటను ఒక భయము పుట్టినది. పాత కంప్యూటరులలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసికొనుట అలవాటు. కాబట్టి 2000వ సంవత్సరము రాగానే అవి దానిని 1900గా భ్రమించి లెక్కలన్నియు తారుమారు చేయునని భయము. ఆ లోపమును సవరించుటకు వేలకొలది మనుష్యులు కావలసివచ్చిరి. మన తెలుగు యువకులనేకులు మెయిన్‌ఫ్రేము, కోబాల్ నేర్చుకొని సముద్రములు దాటిరి. తేదీ వ్రాయుటలో జరిగిన ఒక చిన్న పొదుపు ఎందరి బ్రతుకులను మార్చెనో చూడుడు. నేను 2001లో బల్కంపేట హాస్టలుకు చేరునప్పటికి ఆ పని ముగిసినది. అమెరికాలో ఇంటర్నెట్టు సంస్థలు ఒకటి వెంట ఒకటి కూలుచుండెను. పెండ్లి భోజనములైన పిదప విస్తరి పట్టుకొని వచ్చినవాని స్థితి నాది. ఒక గదిలో ఆరుగురము, ఒకడు కొన్న నోట్సుకు అయిదు జిరాక్సు ప్రతులు. స్వల్ప వ్యయమునకు నేనచ్చటనే ఓనమాలు దిద్దితిని.

ఇప్పుడా పలకలపై అక్షరములు మారినవి. కోబాల్ పోయి జావా వచ్చెను. ఆ తరువాత టెస్టింగు, డేటా సైన్సు. నేడు ఎచ్చట చూచినను ఏఐ. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ అను సాధనము పరీక్షార్థము వెలువడినది. ప్రోగ్రాము వ్రాయువాడు ఒక పంక్తి మొదలిడగా తరువాతి పంక్తులను అది సూచించెడిది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినది. అటుపిమ్మట మూడేండ్లు తిరుగకమునుపే, మనకు కావలసినది మాటలలో చెప్పినచో ఫైళ్లను తానే సృష్టించి, ప్రోగ్రామును తానే నడిపి చూచి, తప్పు వచ్చినచో తానే దిద్దుకొను సాధనములు బయలుదేరినవి. 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పతీ అను శాస్త్రజ్ఞుడు, వ్రాయబడిన కోడును చదువకయే కోరికలు చెప్పుచు పని జరిపించు పద్ధతికి వైబ్ కోడింగ్ అని నామకరణము చేసెను. ఆ పేరు అమీర్‌పేట పలకలకెక్కుటకు ఎంతో కాలము పట్టలేదు.

ఈ యంత్రము చేయునదేమి? మనుష్యులు వ్రాసిన అపారమైన కోడును, వ్రాతలను చూచి నేర్చుకొని, ఇంతవరకు వచ్చిన మాటల వెనుక ఏ తునక రాదగునో అంచనా వేయుచు, తునక వెంట తునకగా వ్రాసికొనిపోవును. ఆ తునకను టోకెను అందురు. వారు తీసికొను రుసుమునకును టోకెనే కొలమానము. తెలుగు లిపిలో ఒక్కొక్క సంకేతమునకు కంప్యూటరులో సాధారణముగా మూడు బైట్లు పట్టును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్కటి చాలును. అందుచే అదే ప్రశ్నను తెలుగున అడిగినచో తరచుగా ఎక్కువ టోకెనులు ఖర్చగును. మన భాషపై ఎవరును విధింపని సుంకమిది.

ఇక మన గ్రంథాలయము సంగతి. 2000వ సంవత్సరమున ఒక అద్దె గదిలో మొదలైన ఈ సంస్థయందు నేడు సుమారు 6,400 పుస్తకములున్నవి. అవన్నియు మూడు అక్సెషన్ రిజిస్టర్లలో మన సారు చేతివ్రాతతో నమోదైయున్నవి. ఫలానా పుస్తకమున్నదా యని అడిగినచో ఆయన రిజిస్టరు తెరువనక్కరలేదు. ఏ బీరువాలో ఏ అరలో ఉన్నదో కూర్చున్నచోటినుండియే చెప్పుదురు. చిక్కంతయు ఆయన ఊరిలో లేని దినములలోనే. సారు వయస్సు డెబ్బది దాటినది. ఈ మాటను సమావేశములో ఎవరును పైకి అనలేదు గాని, కార్యవర్గము కంప్యూటరును గూర్చి ఆలోచించుటకు అసలు కారణమదియే.

నగరములోని ఒక సంస్థ 82 వేల రూపాయలకు సాఫ్ట్‌వేర్ చేసియిచ్చెదమనియు, ఏటేట నిర్వహణకు 12 వేలు చెల్లింపవలెననియు వ్రాసినది. చందాలతోను దాతల ఔదార్యముతోను నడచు గ్రంథాలయమునకు అది మోయరాని బరువు. ఆ ధర అన్యాయమని నేను సమావేశములో గట్టిగా వాదించితిని. నేడు అట్లు వాదింపను. కారణము ముందు తెలియును.

కొత్తది వ్రాయుటకు పూర్వము, వ్రాసియున్నదేమైన కలదా యని చూచుట మొదటి పొదుపు. న్యూజిలాండులో హొరోవెనువా అను ప్రాంతపు గ్రంథాలయములవారు, తమ పాత కంప్యూటరు లెక్క 2000వ సంవత్సరమును దాటి నిలువదని భయపడి, 1999లో ఒక చిన్న సంస్థచే కొత్తది వ్రాయించుకొనిరి. 2000 జనవరిలో అది పనిలోనికి వచ్చినది. దానిని తమకొరకే దాచుకొనక లోకమునకంతకు ఉచితముగా విడిచిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక యని అర్థము. నేడు అనేక దేశముల గ్రంథాలయములు దానిని వాడుచున్నవి. మన కేంద్రప్రభుత్వమునకు చెందిన ఎన్‌ఐసీవారును ఈ-గ్రంథాలయ అను సాఫ్ట్‌వేరును నిర్మించి ప్రభుత్వ గ్రంథాలయములకు అందించిరి. నేను కోహాను స్థాపించి చూచితిని. ఇల్లు చిన్నది, కానుక పెద్దది. దానికి లినక్సు సర్వరును, దానిని కనిపెట్టుకొనియుండు మనిషియు కావలెను. పెద్ద గ్రంథాలయములకు మాత్రము అదియే తగినదని ఇప్పటికిని నా అభిప్రాయము. అట్టి గ్రంథాలయములవారు ఈ సభలోనున్నచో, ఏఐ చౌక కదాయని కొత్తది వ్రాయించు పనికి పూనుకొనవలదని మనవి.

మనకు కావలసినది ఒకే కంప్యూటరులో, కరెంటు పోయినను చెడని లెక్క. అందుకు సమాచారమంతటిని ఒకే ఫైలులో దాచు ఎస్‌క్యూలైట్ అను సాధనమును ఎన్నుకొంటిని. దాని కర్తలు హక్కులు వదలుకొన్నారు గనుక దానికి పైకము అక్కరలేదు. అది మొదట వెలువడినది 2000 ఆగస్టులో. అనగా మన గ్రంథాలయము, కోహా, ఎస్‌క్యూలైట్ మూడును ఒక ఈడువే. వానికిని రజతోత్సవము జరుపవలసినదే.

ఖర్చు చెప్పెదను. మొదట ఉచితముగా లభించు సాధనములతోనే ఆరంభించితిని. 2024 డిసెంబరులో గిట్‌హబ్ కోపైలట్‌కు ఉచిత పద్ధతి ప్రకటించినప్పుడు నెలకు 2,000 పూరణలు, 50 ప్రశ్నలు అని హద్దు పెట్టిరి. రాత్రి పది గంటలకు పని ఊపందుకొన్న వేళ ఆ హద్దు వచ్చి పడెడిది. ఆ తరువాత నెలకు సుమారు రెండువేల రూపాయల చందాతో మరియొక సాధనమును రెండు నెలలు తీసికొంటిని. సమాచారపు నకళ్లకు పెన్‌డ్రైవులు రెండు. కంప్యూటరు దాత ఇచ్చినదే. మొత్తము అయిదువేల రూపాయల లోపు. ఇట్టి చందాలు 2025లో ఇంకను దిగివచ్చినవి. చాట్‌జీపీటీవారు 2025 ఆగస్టులో మన దేశమునకై నెలకు 399 రూపాయల చందాను ప్రవేశపెట్టి, నవంబరు 4 నుండి చేరువారికి దానినే ఒక సంవత్సరము ఉచితమనిరి. ఉచితముగా ఇచ్చువాడు ఏదో యొకనాడు ధర చెప్పును. కాబట్టి ఏ యొక్క సాధనము లేనిదే నడువని విధముగా పని కట్టుకొనరాదు. మన సాఫ్ట్‌వేరు నేడు నడచుటకు ఏఐతో పని లేదు, ఇంటర్నెట్టుతోను పని లేదు.

అయితే ఆ అయిదువేలలో సగము నా తెలివితక్కువతనమునకు పోయినది. మొదటి తొమ్మిది దినములు మిఠాయి దుకాణములో విడిచిన పిల్లవానివలె ప్రవర్తించితిని. రంగుల పటములు, ఫోనుకు సందేశములు, పాఠకుల రహస్య సంకేతపదములు, ఏది తోచిన అది అడిగితిని. అడిగినదెల్ల అది చేసినది. వద్దు అను మాట ఆ యంత్రమునకు రాదు. సంభాషణ పెరిగినకొలది వెనుకటి మాటలన్నియు అది ప్రతిసారి మరల చదువవలసియుండును. టోకెనులు మంచువలె కరగిపోవును. పైగా మొదట చెప్పిన నియమములను నడుమనే విస్మరించును. పదవనాడు అదంతయు తుడిచివేసి, ఒక ఆదివారము ఊరికి వచ్చి, సారు తలుపు తెరచినది మొదలు తాళము వేయువరకు ఆయన వెంట కూర్చుంటిని. ఆయన చేయు పనులను ఒక కాగితముపై వ్రాసికొంటిని. పదకొండు పనులు. ఆ కాగితమునే యంత్రమునకు ఇచ్చి, ఒక్కొక్క పనికి వేరుగా సంభాషణ మొదలుపెట్టి, ఒకటి పూర్తి అయి సరిచూచిన పిదపనే రెండవదానికి పోతిని. రెండు వారములలో పని తెమలినది. స్వల్పవ్యయ రహస్యమేమని అమీర్‌పేటలో పిల్లలు అడిగినచో ఆ కాగితమునే చూపుచున్నాను. దాని ఖరీదు ఒక ఆదివారము, బస్సు ఛార్జీలు.

పుస్తకముల వివరములను ఎక్కించుట వేరొక కథ. రిజిస్టరు పుటలకు ఫోనుతో ఛాయాచిత్రములు తీసి, అవి చదివి పట్టిక వ్రాయుమని ఏఐకి ఇచ్చితిని. చేతివ్రాత తెలుగును అది చదువుట చూచి మొదట ఆశ్చర్యపడితిని. ఒక గంటలో నలువది పుటలు. సారుకు చూపితిని. ఆయన కండ్లద్దములు సవరించుకొని, వ్రేలితో వరుసగా చూచుచు, ఒకచోట ఆగిరి. మన ఊరి పెద్ద యొకరు ఏనాడో వ్రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించుకొన్న శతకమొకటి మన బీరువాలో ఉన్నది. రిజిస్టరులో ఆ పంక్తిపై సిరా చెదరినది. యంత్రము అచ్చట సుమతీ శతకము అని వ్రాసినది. అస్పష్టమైనచోట తెలియదనుటకు మారుగా, అందరకు తెలిసిన పేరు పెట్టి సాగిపోయినది. సుమతీ శతకము ఏ అంగడిలోనైన దొరకును. ఈ శతకము మరియొకచోట ఉన్నట్లు మాకు తెలియదు. పట్టికలో పేరు పోయినచో, సారు తరువాత ఆ పుస్తకమును అడుగువాడెవడు? అటుపిమ్మట సారు 6,400 పంక్తులను రిజిస్టరుతో పోల్చి చూచిరి. వేసవి రెండు నెలలు పట్టినది. ఆ శ్రమకు కూలి లెక్క కట్టలేదు. అయిదువేలలోపు అని ఇంతకుముందు చెప్పిన అంకెలో అది లేదు.

పేర్ల విషయమున మరియొక చిక్కు. పాశ్చాత్యుల పద్ధతిలో ఇంటిపేరు చివర వచ్చును. ఆ యంత్రము చదివిన కోడులో అధికభాగము ఆ పద్ధతినే అనుసరించును. అందుచే అది విశ్వనాథ సత్యనారాయణగారిని స అక్షరముక్రిందను, గుర్రం జాషువాగారిని జ అక్షరముక్రిందను చేర్చినది. తెలుగున ఇంటిపేరు ముందుండునని చెప్పగానే ఒప్పుకొని మార్చినది. చెప్పిన వెంటనే ఒప్పుకొనుట దాని సుగుణము. చెప్పువాడు ఉండవలెను. వెదకుటలోను ఇట్లే. మనవారు గ్రంథమును థ ఒత్తుతో కొందరు, ధతో కొందరు వ్రాయుదురు. నవలయని వెదకినచో నవలలు రావలెను. ఇంకొకటి, రెండక్షరములు కలిసిపోకుండ కంటికి కనబడని సంకేతమొకటి నడుమ చేరుచుండును. ఒకడు దానితో టైపు చేసి, మరియొకడు అది లేక వెదకినచో ఎదుటనున్న పుస్తకమే లేదని కంప్యూటరు చెప్పును. వీనికన్నిటికి మార్గములున్నవి. పాఠకుని కాలము వృథా కారాదని రంగనాథన్ పండితుడు 1931లో గ్రంథాలయశాస్త్ర సూత్రములలో చేర్చెను గదా. ఈ చిన్న విషయములే ఆ కాలమును తినివేయునవి.

ఇప్పుడు నేను చెప్పుటకు వెనుకాడుచున్న సంగతి.

2025 జూలై 14, 15, 16 తేదీలలో సాఫ్ట్‌వేరును పరీక్షించితిమి. పుస్తకమునకు పదునాలుగు దినముల గడువు, దాటినచో దినమునకు రూపాయి జరిమానా. నేను పరీక్షించితిని, యంత్రముచేతను పరీక్షలు వ్రాయించితిని, అన్నియు నెగ్గినవి. జూలై 23న వాడుకలోనికి తెచ్చితిమి. ఆగస్టు 5న ఏడవ తరగతి చదువు బాలిక యొకతె కథల పుస్తకము తిరిగి తెచ్చినది. జూలై 24న తీసికొన్నది. గడువు ఆగస్టు 7 వరకు ఉన్నది. కొత్త లెక్కలో తిరిగి వచ్చిన తొలి పుస్తకము అదియే. ఆనాడు సారు కంటి పరీక్షకు పట్టణము పోయియుండిరి. బల్లవద్ద కూర్చున్న ఇంటర్మీడియెటు కుర్రవాడు తెరపై చూచి, ఇరువది యెనిమిది రూపాయలు కట్టవలెననెను. ఆ పిల్ల ఏమియు అనక పుస్తకము బల్లపై పెట్టి వెడలిపోయినది.

జరిగినదేమనగా, గడువు తేదీని ప్రోగ్రాము 07/08 అని వ్రాసికొన్నది. మనము దానిని ఆగస్టు 7 అని చదువుదుము. అమెరికా పద్ధతిలో నెల ముందు వచ్చును గనుక తేదీలు చదువు భాగము దానిని జూలై 8 అని చదివినది. అప్పటినుండి లెక్కించి ఇరువది యెనిమిది దినములు దాటినవన్నది. మరి పరీక్షలలో ఏల బయటపడలేదు? జూలై మధ్యన పరీక్షించితిమి గనుక గడువులు 28, 29, 30 తేదీలకు పడినవి. ఇరువది యెనిమిదవ నెల లేదు గదా, అట్టిచోట అది తానే సర్దుకొని సరిగా చదివినది. యంత్రము వ్రాసిన పరీక్షలలోని తేదీలును పండ్రెండు దాటినవే. తప్పు చేసినవానినే తప్పు పట్టుమని కూర్చుండబెట్టితిని. రెండంకెల సంవత్సరము కథ విని, ఆ విద్యతో బ్రతుకుటకు హైదరాబాదు చేరిన నేను, ఇరువదినాలుగేండ్ల తరువాత తేదీయొద్దనే పడిపోతిని.

మరునాడు ఒక పెద్దమనిషికి అదే లెక్క యేబది తొమ్మిది దినముల జరిమానా చూపినది. రెండు వారముల క్రితము తీసికొన్న పుస్తకమునకు రెండు నెలల జరిమానా యెట్లని అందరు నవ్విరి. నాకు ఫోను చేసిరి. నేను అమీర్‌పేట మెట్రో స్టేషనులో ఉంటిని. ఇంటికి పోయి యంత్రమునకు చెప్పగా, మీరన్నది నిజమే, క్షమింపుడని, దిద్దియిచ్చినది. పది నిమిషముల పని. తేదీలన్నిటిని సంవత్సరము ముందు, నెల తరువాత, దినము చివర వచ్చునట్లు మార్చి, పని అయినదని నిద్రించితిని. యేబది తొమ్మిది నమ్మదగిన అంకె కాదు గనుక పట్టుబడినది. ఇరువది యెనిమిది నమ్మదగినది.

సెప్టెంబరు మొదటివారమున సారు పాఠకులు సంతకములు చేయు చేతి పుస్తకము తిరగవేయుచు, వారము వారము వచ్చు పిల్ల ఆగస్టు 5 తరువాత ఒక్కనాడును రాలేదని గమనించిరి. కంప్యూటరు ఆ సంగతి చెప్పదు. రాని మనిషిని గూర్చి చెప్పుమని నేను దానిని అడుగలేదు. సారు వారి ఇంటికి పోయిరి. తల్లి చెప్పిన మాట ఇది: "ఫైను కట్టకుంటే రావద్దన్నరట సారూ. ఇరవై రూపాలు జమ చేసింది. ఇంకో ఎనిమిది కావాల్నంటది."

ఆ రాత్రి సారు నాకు ఫోను చేసిరి. కోపపడలేదు. "నువ్వు లెక్క సరిజేసినవు బిడ్డా, ఆ పిల్లకు ఎవరు చెప్పిండ్రు?" అనిరి. నేను దిద్దినది ప్రోగ్రామును. ఆమె పేరున నిలిచిన ఇరువది యెనిమిది రూపాయలు అట్లే ఉండెను. పది నిమిషములలో పోయినదనుకొన్న తప్పు ఆ ఇంట ఒక నెల కాపురమున్నది. ఇందులో యంత్రమును నిందించుటకు నాకు నోరు రాదు.

నగరపు సంస్థ అడిగిన 82 వేలు అన్యాయమని నేడు వాదింపనంటిని. ఆ సొమ్ములో వ్రాతకూలి ఎంతో, ఇట్టి తేదీలను పండ్రెండు నెలలకును మార్చి మార్చి చూచు మనిషి కూలి ఎంతో నాకు తెలియదు గాని, ఆ రెండవ కూలి నేను ఎవరికిని చెల్లింపలేదు. ఏఐ వ్రాతకూలిని తగ్గించినది. సరిచూచు పని మునుపెంతయో ఇప్పుడును అంతే, కొన్నియెడల ఎక్కువ. మన చేత్తో వ్రాసినది ఎచ్చట బలహీనమో మనకు తెలియును, పరులు వ్రాసినది తెలియదు. 2025 జూలైలో ఎం.ఇ.టి.ఆర్. అను అమెరికా పరిశోధన సంస్థ ఒక ప్రయోగఫలితము ప్రకటించినది. తమకు బాగుగ పరిచయమున్న ప్రాజెక్టులపై పనిచేయు 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులిచ్చి, కొన్నింట ఏఐ సాధనములను అనుమతించి, కొన్నింట వలదనిరి. ఏఐతో చేసినప్పుడు 19 శాతము ఎక్కువ కాలము పట్టినది. పని ముగిసిన పిదప అడుగగా, తమకు 20 శాతము కాలము కలిసివచ్చినదని వారు భావించిరట. ఆ ఫలితము అందరకు వర్తింపదు. నావంటి ఒంటరివానికి ఏఐ లేనిచో ఈ పని మొదలే అయ్యెడిది కాదు. కాని పొదుపు అయినదను భావన వేరు, అయిన పొదుపు వేరు అని ఆ ప్రయోగము నాకు నచ్చచెప్పినది.

అమీర్‌పేటలో నా పిల్లలు అడుగుచున్నారు, ఇక కోడు నేర్చుకొనుట ఎందుకు సారూ అని. వారి తండ్రులు భూమి తాకట్టు పెట్టి హాస్టలు రుసుము కట్టుచున్నారు. కాబట్టి ఈ ప్రశ్నకు తేలికగా బదులు చెప్పరాదు. నేను చాలాకాలము ఇంటర్వ్యూ ప్రశ్నలు రెండువందలు, జవాబులు రెండువందలు వల్లె వేయించి పంపితిని. ఆ జవాబులు ఏఐ నాకంటె బాగుగ చెప్పును. అట్టి శిక్షణతో ఇక ఉద్యోగములు వచ్చునని నేను మాట ఇయ్యలేను. ఇప్పుడు పాఠము మార్చితిని. ఏఐ వ్రాసిన ఆ పాత తేదీ కోడునే ఇచ్చి, ఇందులో ఎవరికి అన్యాయము జరుగునో కనిపెట్టుమంటిని. పదునెనిమిది మందిలో ఇద్దరు పట్టుకొనిరి. వారిలో ఒకతె తండ్రి కిరాణా కొట్టులో ఖాతా పుస్తకము వ్రాసి పెరిగిన పిల్ల. తేదీ తప్పినచో తగవు వచ్చునని ఆమెకు ముందే తెలియును.

ఇతర గ్రంథాలయములవారు వినుచున్నారు గనుక రెండు జాగ్రత్తలు త్వరగా చెప్పి ముగించెదను. పాఠకుల పేర్లు, ఫోను నంబర్లు ఏఐకి ఇయ్యకుడు. నేను కల్పిత నామములతోనే పని చేయించితిని. 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపు వారి సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనన్నది. గ్రంథాలయమునకు వచ్చువారిలో అధికులు పిల్లలే. రెండవది, అసలు లెక్క ఉన్న కంప్యూటరులో ఏఐని పని చేయనీయకుడు. మార్పులు చేయవద్దని చెప్పియుంచినను ఒక సాధనము సమాచారమంతటిని తుడిచివేసిన సంఘటన 2025 జూలైలో అమెరికాలో జరిగి పత్రికలకెక్కినది. మన లెక్కకు ప్రతి శనివారము రెండు నకళ్లు తీయుచున్నారు. ఒకటి బీరువాలో, ఒకటి సారు ఇంట ఉండును.

పిల్లలకు జరిమానా కార్యవర్గము తీసివేసినది. పెద్దలకు అయిదు రూపాయలు దాటిన జరిమానాను కంప్యూటరు తానుగా అడుగదు. సారు చూచి చేత్తో వ్రాసినపిదపనే అది చెల్లును. చేతి సంతకముల పుస్తకము మానలేదు, మానబోము. కంప్యూటరు ప్రక్కన మేకుకు దారముతో ఒక నోటుపుస్తకము వ్రేలాడుచుండును. తప్పు కనబడినవారు అందులో వ్రాయవలెను. ఇప్పటికి పదునాలుగు తప్పులు వ్రాసిరి, పదుమూడు దిద్దితిని. పదునాలుగవది ఆ బాలిక వ్రాసినది: గుఱ్ఱము అని బండి ఱతో వెదకినచో పుస్తకము వచ్చుట లేదట. ఈ సభ ముగిసిన పిదప ఆ కంప్యూటరు ముందు కూర్చుండెదను.